మేడమ్ గారూ, ఆ రెండు బస్తాలూ

మేడమ్ గారు పోయారన్న కబురు నాకు రైతుల వాట్సాప్ గ్రూపులో తెలిసింది. ఆ పూట గ్రూపంతా యూరియా గొడవే. ఏ సొసైటీకి లోడు దిగింది, ఏ ఊళ్లో క్యూ ఎంతుంది, ఆధార్ జిరాక్సు ఒకటి చాలా రెండు కావాలా అని ఒకటే మెసేజీలు. వాటి మధ్యలో ఎవరో ఆవిడ ఫొటో పెట్టి, ఇదివరకు మన మండలంలో వ్యవసాయాధికారిగా చేసిన మేడమ్ గారు ఈ ఉదయం సామర్లకోటలో కన్నుమూశారని రాశారు. దాని కింద పది దణ్ణాలు పడ్డాయి. పదకొండోది దణ్ణం కాదు. మండపేటలో స్టాకు ఉందంట, నిజమేనాండీ అని ఒకాయన అడిగాడు. ఆ తర్వాత అందరూ మళ్లీ యూరియాలో పడిపోయారు.

నేను ఆ దణ్ణం కూడా పెట్టలేదు. ఫోను అరుగు మీద బోర్లా పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఏమైందని మా ఆవిడ అడిగితే, మేడమ్ గారు పోయారట అన్నాను. ఏ మేడమ్ అని అడగలేదు తను. మా ఇంట్లో ఆ మాటకు ఒకే మనిషి. తను లోపలికి వెళ్లిపోయింది. తనకు సగం కథ తెలుసు. మిగిలిన సగం ఇప్పుడు మీతో పాటు చదువుకుంటుంది.

పన్నెండేళ్ల కిందట ఆవిడ మా మండలానికి వచ్చారు. అప్పటికి ఆవిడకు యాభై దాటి ఉంటాయి. స్కూటీ కాలవ గట్టు మీద ఆపి, చెప్పులు చేత్తో పట్టుకుని, చీర కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకుని గట్ల వెంట నడిచి వచ్చేవారు. మా ఊళ్లో అంతకుముందు పనిచేసిన ఆఫీసర్లు రోడ్డు దిగేవారు కాదు. రైతునే రోడ్డెక్కించేవారు. ఈవిడ బురదలో దిగి, వరి దుబ్బుల మధ్య వంగి, ఆకు చూసేవారు. నోటుబుక్కుకు పురికొసతో పెన్ను కట్టి ఉండేది. అలా ఎందుకు కట్టారండీ అని అడిగితే, మీ మండలం బురదకి ఇప్పటికే ఆరు పెన్నులు సమర్పించుకున్నానండి అన్నారు నవ్వుతూ.

ఆవిడ దగ్గర ఒక ప్లాస్టిక్ పట్టీ ఉండేది. జానెడు పొడవు. దాని మీద లేతాకుపచ్చ నుంచి ముదురాకుపచ్చ దాకా వరసగా రంగుల గళ్లు. వరి దుబ్బులో పైన పూర్తిగా విచ్చుకున్న ఆకును తుంచకుండా పట్టీ మీద పరిచి, ఏ గడి రంగుతో సరిపోయిందో చూడాలి. ఫలానా గడి కన్నా పాలిపోయి ఉంటేనే యూరియా వెయ్యాలి, అదీ కొద్దిగా. లేకపోతే వెయ్యక్కర్లేదు. ఇంతే ఆవిడ చెప్పే శాస్త్రం. ఆకు చూసేటప్పుడు ఆవిడ సూర్యుడికి వీపు పెట్టి నిలబడేవారు, తన నీడ ఆకు మీద పడేలా. "ఎండలో పెట్టి చూస్తే ఏ ఆకైనా పాలిపోయినట్టే ఉంటుందండి. నీడనిచ్చి చూడాలి" అనేవారు. పది చోట్ల పది ఆకులు చూడందే ఆ చేలోంచి బయటికి వచ్చేవారు కాదు.

ఆవిడ యూరియాకు శత్రువని మా వాళ్లు ప్రచారం చేశారు. అది అబద్ధం. రైతుల సమావేశంలో ఒకాయన, ఇదిగో ఈ మేడమ్ మన నోటికాడ కూడు తీసేయడానికి వచ్చింది అంటే, ఆవిడ కోపం తెచ్చుకోకుండా జవాబు చెప్పారు. మా అమ్మ గంజి తాగి ఊడ్పులకు వెళ్లిన రోజులు నాకు తెలుసండి, ఆ బస్తా రాకపోతే నాకూ అన్నం లేదు, చదువూ లేదు, ఆకలి ఉన్నప్పుడు పెట్టమంటున్నాను గానీ మానెయ్యమనలేదు అన్నారు. చేను నల్లగా కనిపిస్తే రైతు కడుపు నిండుతుంది, దాంతోపాటు పురుగు కడుపూ నిండుతుంది అని కూడా అనేవారు. మా వైపు ముదురాకుపచ్చగా నవనవలాడే చేనును నల్లబడింది అంటాం. చేను నల్లబడితే రైతుకు మీసం మెలేసినంత గర్వం.

ఆవిడ తల్లి ఊడ్పులకు వెళ్లిన మనిషి అన్నాను కదా. వెళ్లింది మా చేలల్లోకే. మా ఊరికి ఆనుకుని ఉన్న పేటే ఆవిడది. లూథరన్ చర్చి పక్క వీధి. పుట్టిన చోటికే ఆఫీసరుగా వచ్చారు. మా ఊరి పెద్దలకు మింగుడు పడనిది యూరియా సంగతి కాదు, ఇది. వాళ్లమ్మ వంగి ఊడ్చిన చేలో నిలబడి ఈవిడ మనకు వ్యవసాయం చెబుతుందా అని టీ కొట్టు దగ్గర అనుకునేవారు. నేను అక్కడే కూర్చుని టీ తాగేవాణ్ణి. మా ఇంటికి వచ్చినప్పుడు మా అందరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ, ఆవిడకు కాగితం గ్లాసులో. ఆఫీసర్లు కదా, వాళ్లకు అదే శుభ్రం అనేది మా అమ్మ. మేడమ్ గారు కాఫీ తాగి ఆ గ్లాసును నలిపి పారేసేవారు కాదు. మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లేవారు. అది మంచి అలవాటని మా అమ్మ మెచ్చుకునేది. ఆ మెప్పును ఆవిడ ఎలా మింగేవారో నేను ఒక్కనాడూ ఆలోచించలేదు.

పేటలో ఒక చేతి పంపు ఉండేది, మా చేల చివర, బోదె కాలవ పక్కన. కాలవలు కట్టేసిన నెలల్లో పేటంతా ఆ నీళ్లే తాగేది. ఆవిడ ఒక సీసాలో ఆ నీళ్లు పట్టి ల్యాబుకు పంపారు. నైట్రేటు ఎక్కువగా ఉంది, తాగడానికి పనికిరావు, ముఖ్యంగా పసిపిల్లలకు పాలు కలపడానికి అసలు వాడొద్దు అని కాగితం వచ్చింది. ఆ కాగితం పట్టుకుని ఆవిడ సమావేశానికి వచ్చారు. ఎరువు వేస్తే పంట పెరుగుతుంది గానీ నీళ్లెలా పాడవుతాయి, పశువుల పెంటలూ మరుగుదొడ్లూ లేవా అక్కడ అని ఒక పెద్దాయన అడిగారు. అవి కూడా ఉన్నాయండి, నేను కాదనను అన్నారు మేడమ్ గారు. తర్వాత కాగితం మడుస్తూ అన్న మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

"మనం వేసిందాంట్లో చేను తినేది కొంతేనండి. మిగిలింది ఎక్కడికో పోవాలి కదా. గాల్లోకి పోతుంది, కాలవలోకి పోతుంది, మా అమ్మ బిందెలోకి పోతుంది."

అందరూ లేచి కండువాలు దులుపుకున్నారు. సిగ్గుపడి కాదు. భోజనాల వేళ అయింది.

ఆ వేసవిలోనే ఆవిడ నన్ను పట్టుకున్నారు. నేను బీఎస్సీ చదివి వ్యవసాయంలోకి వచ్చినవాణ్ణి. నా చేను రోడ్డు పక్కన ఉంది, అందరికీ కనబడుతుంది. ఒక్క ఎకరం నాకివ్వండి తమ్ముడూ, ఈ వానాకాలం ఒక్క సార్వా పంట నేను చెప్పినట్టు చేసి చూడండి, చూశాక ఊరే మారుతుంది అన్నారు. ఆవిడ నన్ను తమ్ముడూ అనేవారు, మీరు అని మన్నించేవారు. నాకు ఆ పిలుపు బాగుండేది. సరేనన్నాను. నాన్న మొహం ముడుచుకున్నాడు గానీ, గవర్నమెంటు బోర్డు మన చేలో పెడతారట అంటే ఊరుకున్నాడు.

దాళ్వా, అంటే రెండో పంట, కోత కాగానే పచ్చిరొట్ట ఎరువు కోసం చేలో పిల్లిపెసర చల్లాం. పశువులు పడకుండా నేను కాపలా కాశాను. మోకాలెత్తు పెరిగాక దున్ని కలిపేశాం. ఆ రోజు ఆవిడ గట్టు మీద కూర్చుని, కూలీలతో కలిసి పెరుగన్నం తిన్నారు, ఆవకాయ ముక్క నంజుకుంటూ. మట్టి వాసన చూడండి తమ్ముడూ, తేడా లేదూ అన్నారు. ఉంది. నాకు చిన్నప్పటి వాసన వచ్చింది. ఊడ్పులయ్యాక ఒక్కసారి కొంచెం యూరియా వేయించారు. చల్లే ముందు నీళ్లు తీయించి, రెండ్రోజులాగి మళ్లీ పెట్టించారు. ఆ తర్వాత పట్టీ నా చేతిలో పెట్టి, పది రోజులకొకసారి చూడండి, ఆకు అడిగితేనే వెయ్యండి అని చెప్పారు.

ఆకు అడగలేదు. నాలుగు వారాలు చూశాను. రంగు సరిగ్గా ఆవిడ చెప్పిన గడి మీదే ఉంది. కానీ చుట్టుపక్కల చేలన్నీ రెండో దఫా యూరియా తిని నల్లబడ్డాయి. వాటి మధ్య నా ఎకరం లేతాకుపచ్చగా, బోర్డుతో సహా, రోడ్డు మీద పోయే ప్రతివాడికీ కనబడేది. మీ చేనుకు కామెర్లు వచ్చాయేంటండీ అని టీ కొట్టులో అడగడం మొదలుపెట్టారు. పేట మేడమ్ పస్తు పెడుతోందంటగా అన్నాడు ఇంకొకడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. నాన్న ఊరుకోలేకపోయాడు. రెండు పూటలు అన్నం మానేసి వసారాలో పడుకున్నాడు. మూడో పూట గట్టు మీదికి వచ్చి నిలబడి, "నన్ను ఊళ్లో తలెత్తుకు తిరగనిస్తావా లేదా?" అన్నాడు.

ఆ మాటకు జవాబు చెప్పాల్సిన వయసే నాది. నలభై దాటాయి. చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం, కూలీలందరూ భోజనాలకు పోయిన వేళ, నేనూ నాన్నా కలిసి ఆ ఎకరంలో రెండు బస్తాల యూరియా చల్లేశాం. నీళ్లు కూడా తియ్యలేదు. తలా ఒక బేసిను పట్టుకుని అటొకరు ఇటొకరు, దొంగతనం చేసే వాళ్లలా గబగబా చల్లుకుంటూ పోయాం. డ్రెయిను వైపు మెరకగా ఉండే నాలుగు సెంట్ల మూలకు వచ్చేసరికి బేసిన్లు ఖాళీ అయ్యాయి. చాల్లే, పదరా అన్నాడు నాన్న. ఖాళీ గోనెలు మడిచి సైకిలు మీద పెట్టుకుని ఇంటికి వచ్చేశాం.

వారం తిరిగేసరికి చేను నల్లబడింది. నాన్న అన్నం తిన్నాడు. టీ కొట్టులో మాటలు తగ్గాయి. ఆ తర్వాతి వారం మేడమ్ గారు వచ్చారు. గట్టు మీదే ఒక్క క్షణం ఆగారు. తర్వాత చేలో దిగి, సూర్యుడికి వీపు పెట్టి, ఆకు పట్టీ మీద పరిచారు. ఒకటి చూశారు, రెండు చూశారు. పది ఆకులు చూసే మనిషి మూడో ఆకుతో ఆపేశారు. లేచి నా వైపు తిరిగి, ఏమైనా వేశారా తమ్ముడూ అని మెల్లిగా అడిగారు.

లేదండి, మీరు చెప్పిందే అన్నాను.

ఆవిడ నా కళ్లలోకి చూడలేదు. నా చేతుల వైపు చూశారు. పురికొస కట్టిన పెన్నుతో నోటుబుక్కులో ఏదో రాసుకుని, సరేనండి, ఇక మీదట ఏం వెయ్యకండి, దుబ్బుల్లో దోమ కనబడితే నాకు వెంటనే ఫోన్ చెయ్యండి అని చెప్పి వెళ్లిపోయారు. దోమ కనబడింది. ఫోన్ చెయ్యలేదు. చేస్తే మళ్లీ వచ్చి ఆకు చూస్తారని భయం.

పాలు పోసుకునే దశలో సుడిదోమ పట్టి, చేను గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోయింది. ఎండకుండా మిగిలింది బరువెక్కి వాలిపోయి ఉండగా మూడు రోజుల ముసురు పట్టింది. ముసురు విడిచేసరికి నా ఎకరం చాప పరిచినట్టు పడుకుని ఉంది. మధ్యలో బోర్డు ఒక్కటి నిలబడి ఉంది, ఇది ఆధునిక పద్ధతిలో సాగు చేసిన ప్రదర్శన క్షేత్రం అని. ఎవరో ఫొటో తీశారు. పేపరు జిల్లా పేజీలో వేశారు.

ఆ ముసురుకు ఊళ్లో చాలా చేలు పడిపోయాయి. పక్క చేలు పడితే వాన పడగొట్టింది. నా చేను పడితే మేడమ్ గారు పడగొట్టారు.

పై అధికారులు విచారణకు వచ్చారు. చేను గట్టు మీదే కుర్చీలు వేశారు. ఊరు ఊరంతా వచ్చింది. మేడమ్ గారు ఒక పక్కగా, నోటుబుక్కు గుండెకు ఆనించుకుని నిలబడ్డారు. అధికారి నన్ను పిలిచి, ఈవిడ చెప్పినట్టే చేశారా, సొంతంగా ఏమైనా కలిపారా అని అడిగారు. నాన్న నా పక్కనే ఉన్నాడు. నేను ఆవిడ వైపు చూడకుండా, "ఆవిడ చెప్పినట్టే చేశామండి. ఒక్క గింజ ఎక్కువ వెయ్యలేదు" అన్నాను.

మీరేమైనా చెప్పాలా అని ఆవిడను కూడా అడిగారు. ఆవిడ నోటుబుక్కు తెరవలేదు. లేదు సార్ అన్నారు. జనమంతా కదిలి వెళ్తూ ఉంటే ఆవిడ మాత్రం గట్టు వెంట నడుచుకుంటూ డ్రెయిను వైపు మూలకు వెళ్లారు. ఆ నాలుగు సెంట్లలో చేను నిటారుగా నిలబడి ఉంది. లేతాకుపచ్చ తిరిగి పండబారుతోంది. గింజ గింజా నిండి ఉంది. అంత జనంలో ఎవరికీ కనబడని ఆ మూల దగ్గర ఆవిడ ఒక్కరే నిలబడి, వంగి ఒక వెన్ను అరచేతిలోకి తీసుకుని చూశారు. అప్పుడు తిరిగి నన్ను చూశారు. అంత దూరం నుంచి కూడా నాకు తెలిసింది, ఆవిడకు తెలిసిందని.

ఆవిడకు మెమో ఇచ్చారు. నెల తిరక్కుండా ఏజెన్సీకి బదిలీ చేశారు. ఆ మూల వడ్లు నాన్న విడిగా కోయించి, విడిగా నూర్పించి ఇంటికి తెచ్చాడు. మంచి గింజ. మేమే తిన్నాం.

ఎనిమిదేళ్లు ఆవిడను చూడలేదు. ఈలోగా నాన్న పోయాడు. పోయేముందు ఆ సంగతి ఎత్తుతాడేమో అనుకున్నాను, ఎత్తలేదు. పేటలో చేతి పంపుకు పంచాయతీవాళ్లు ఎర్ర రంగు వేసి వెళ్లారు, తాగొద్దని. వేరే పంపు వెయ్యలేదు. ఎర్ర పంపు దగ్గరే బిందెలు వరసలో ఉండేవి.

మేడమ్ గారు రిటైరై సామర్లకోటలో రైల్వే గేటు దగ్గర ఒక మేడ మీద వాటాలో ఉంటున్నారని తెలిసి, నాలుగేళ్ల కిందట వెళ్లాను. తలుపు తీసి, చూడగానే గుర్తుపట్టి, రండి తమ్ముడూ అన్నారు. కాఫీ ఇచ్చారు, స్టీలు గ్లాసులో. నేను తాగలేక చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఆ సార్వా గురించి మీతో ఒక మాట చెప్పాలండి అని మొదలుపెట్టాను. ఆవిడ నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు.

"ఎన్ని బస్తాలు వేశారు?"

"రెండండి."

"నేను ఒకటిన్నర అనుకున్నాను" అన్నారు ఆవిడ.

కిందనుంచి గూడ్సు బండి ఒకటి వెళ్లింది. ఆ రోజు ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను. చెబితే నమ్మేదెవరు, ఒకవైపు మీ నాన్నగారి మాట, ఒకవైపు ఊడ్పులమ్మ కూతురి మాట అన్నారు. పైగా పడిపోయిన చేను ముందు నిలబడ్డ రైతును వేలెత్తి చూపించే ఉద్యోగం కాదు నాది అన్నారు. ఏజెన్సీలో బాగానే గడిచిందట. అక్కడి వాళ్లు ఎరువు కొనే స్థితిలో లేరు, నా అవసరమే లేకపోయింది అని నవ్వారు. ఆ నవ్వు నాకు గుచ్చుకుంది.

నన్ను క్షమించండి మేడమ్ గారూ అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు.

"క్షమించడం నా చేతిలో పని. అది ఎప్పుడో చేసేశాను, ఆదివారం ఆదివారం చర్చిలో కూర్చోవాలి కదా నేను. కానీ మీరు ఆడిన మాట నా చేతిలో లేదు తమ్ముడూ. అది ఇంకా మీ మండలంలో తిరుగుతోంది. తక్కువ వేస్తే చేను పడిపోతుందని మీ చేనునే చూపిస్తున్నారంట. దాన్ని వెనక్కి తెచ్చుకోవాల్సింది మీరే."

నేనేం చెయ్యాలండి అని అడిగాను. ఏం లేదు, ఒక్క రైతుల మీటింగులో లేచి నిలబడి జరిగింది చెప్పండి, నా పేరు కోసం కాదు అన్నారు. తప్పకుండా చెబుతానండి అన్నాను. మెట్ల దాకా వచ్చి సాగనంపారు. మోకాళ్లు పట్టేశాయి, గట్ల మీద నడిచే రోజులు పోయాయి అన్నారు.

నాలుగేళ్లు. ఎన్ని మీటింగులు జరిగాయో. ఒకసారి లేచి నిలబడ్డాను కూడా. అందరూ నా వైపు తిరిగారు. కాలవ నీళ్లు ఎప్పుడు వదులుతారండీ అని అడిగి కూర్చున్నాను.

ఇంతకన్నా సిగ్గుచేటైన సంగతి ఒకటుంది, అదీ చెప్పేస్తాను. ఆవిడ ఇంటి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ నేను నా చేలో ఆకు చూసే యూరియా వేస్తున్నాను. వేసవిలో పిల్లిపెసర కలుపుతున్నాను. దిగుబడి పక్కవాళ్ల కన్నా తగ్గలేదు, పురుగుమందు ఖర్చు సగమైంది. ఆవిడ చెప్పిందంతా నిజం. ఇది నాకు తెలుసు, నా చేనుకు తెలుసు. ఊరికి తెలియదు. తెలియకూడదని నేను కూడా యూరియా క్యూలో నిలబడతాను. నిలబడకపోతే ఎందుకని అడుగుతారు. తెచ్చిన బస్తాలు వాడను. పక్క చేను కౌలు రైతుకు ఇచ్చేస్తాను. అతను సంతోషంగా నా గట్టుకు అవతల చల్లుకుంటాడు. గట్టు నీళ్లను ఆపదని నాకు తెలియక కాదు.

కబురు తెలిసిన మర్నాడు పేటకు వెళ్లాను. ఆవిడను తల్లి పక్కనే పెట్టాలని తీసుకొచ్చారు. చర్చి ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది, రైతు బాంధవి మేడమ్ గారికి అశ్రునివాళి అని. కింద ఉన్న ఫొటోల్లో ఇద్దరు, ఆనాడు ఆవిడను బదిలీ చెయ్యమని అర్జీ పెట్టినవాళ్లే. దండలు పట్టుకుని అందరికన్నా ముందు వాళ్లే నిలబడ్డారు. నేను వాళ్ల వెనక నిలబడ్డాను. వాళ్లు సంతకం పెట్టారు. ఆ కాగితంలో ఉన్న మాట నాది.

పాస్టరు గారు ఊరి రైతుల తరఫున ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. చదువుకున్నవాడినని నన్నే ముందుకు తోశారు. మైకు చేతికిచ్చారు. ఎదురుగా ఊరు ఊరంతా ఉంది. ఆవిడ కోరిన మీటింగు అంతకన్నా పెద్దది మళ్లీ దొరకదు. మేడమ్ గారు చాలా మంచివారు, రైతుల కోసం ఎంతో పాటుపడ్డారు, ఆవిడ లేని లోటు తీరనిది అన్నాను. మైకు తిరిగి ఇచ్చేశాను.

ఆవిడ తమ్ముడు, స్కూలు టీచరు, దగ్గరకు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. అక్క మీ గురించి చెబుతూ ఉండేదండి అన్నాడు. ఏమనేవారండీ అని అడిగాను. ఆ మండలంలో చదువుకున్న రైతు మీరొక్కరే అనేదండి అన్నాడు. అంతే అన్నారా అని అడగబోయి మానేశాను.

అందుకే ఇది రాస్తున్నాను. ఆవిడ లేచి నిలబడి చెప్పమన్నారు, నేను కూర్చుని రాస్తున్నాను. రెండూ ఒకటి కాదని తెలుసు. ఇది చదివే వాళ్లలో మా మండలం వాళ్లెవరైనా ఉంటే, ఆ ఎకరం పడిపోయింది ఆవిడ వల్ల కాదని, అందులో రెండు బస్తాలు ఎక్కువ వేసింది నేనూ మా నాన్నా అని, టీ కొట్టు దగ్గర నలుగురికీ వినబడేలా చెప్పండి. నన్ను అడిగితే ఈసారి కాదనను.

ఆవిడను పెట్టిన శ్మశానం పేట చివర, చేలను ఆనుకుని ఉంది. ఊడ్పులై నెల రోజులైంది, చేలన్నీ నిండుగా నీళ్లతో ఉన్నాయి. తవ్విన గోతిలో నీళ్లు ఊరుతున్నాయి. ఇద్దరు మనుషులు దిగి బకెట్లతో తోడి పోస్తున్నారు. ప్రార్థన సాగినంతసేపూ తోడారు. ఆమెన్ అనేసరికి అడుగు కనబడింది. పెట్టెను తాళ్ల మీద దింపే లోపల మళ్లీ మోకాలి లోతుకు వచ్చేశాయి. పక్క చేలో ఒకతను బేసిను పట్టుకుని యూరియా చల్లుతూ, మమ్మల్ని చూసి ఆగాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, తల వంచుకుని నిలబడ్డాడు. పెట్టె అడుగుకు చేరలేదు. నీళ్ల మీద కాసేపు తేలి, ఒక పక్కకు ఒరిగింది. ఆవిడ తమ్ముడు చూడలేక మొహం తిప్పుకున్నాడు. నలుగురు గడకర్రలు తెచ్చి, పెట్టెను మెల్లిగా కిందికి అదిమిపట్టారు. మిగిలినవాళ్లు పారలతో గబగబా మట్టి వేశారు. నీళ్లు బుడగలు బుడగలుగా పైకి వచ్చి, బురదై, నిదానంగా సర్దుకున్నాయి. గడకర్రలు పైకి తీశాక పక్క చేలో అతను తలపాగా చుట్టుకుని, బేసినులో చెయ్యి పెట్టాడు.